ఆ ఒక్క అడుగు ఎవరి కోసం?

ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ తయారై షోరూముకు వెళ్తారు. చూద్దామనుకున్నది నాలుగు మీటర్ల లోపు ఉండే కాంపాక్ట్ ఎస్‌యూవీ. చేతిలో ఉన్న డబ్బూ దానికి సరిపోయేంతే. అది చూస్తుండగానే సేల్స్ కుర్రాడు పక్కనున్న పెద్ద బండి తలుపు తెరుస్తాడు. "సార్, ఒక్కసారి ఇందులో కూర్చోండి. ఇంకో రెండు మూడు లక్షలు వేసుకున్నారంటే మిడ్‌సైజే వచ్చేస్తుంది" అంటాడు. మీరు కూర్చుంటారు. పిల్లలు వెనక సీట్లోకి దూకేస్తారు. "నాన్నా, ఇదే కొందాం!"

అంతే. ఆ రోజు నుంచి రాత్రి భోజనాల దగ్గర ఇదే చర్చ. బావమరిదికి ఫోన్ చేస్తే "తీసుకునేదేదో పెద్దదే తీసుకో బావా" అంటాడు. ఆఫీసులో పక్క సీటాయన "సిటీలో అంత బండి ఎందుకండీ" అంటాడు. యూట్యూబులో పది వీడియోలు చూస్తే పదకొండు అభిప్రాయాలు పోగవుతాయి. నెల గడిచినా విషయం తేలదు. మీ ఇంట్లోనూ ఇప్పుడు ఇదే జరుగుతోందా?

అయితే మీకు కావలసింది ఇంకొకరి అభిప్రాయం కాదు. ఒక కొలత టేపు, ఒక తెల్లకాగితం, రెండు ఆదివారాలు. ఈ అధ్యాయం చివరికి వచ్చేసరికి ఏ బండి కొనాలో మీ కాగితమే మీకు చెబుతుంది. రండి, ముందు టేపు పట్టుకుందాం.

పెద్ద బండి ఎంత పెద్దది?

అందరికీ తెలిసిన రెండు బండ్లు తీసుకుందాం. మారుతి బ్రెజా పొడవు 3995 మిల్లీమీటర్లు. హ్యుందాయ్ క్రెటా పొడవు 4330. తేడా 335 మిల్లీమీటర్లు, అంటే అడుగు మీద ఒక అంగుళం. మీ ఇంట్లో నెల రోజులుగా జరుగుతున్న చర్చంతా ఈ ఒక్క అడుగు గురించే.

మరి వెడల్పు? బ్రెజా 1790, క్రెటా కూడా 1790. మిల్లీమీటరు కూడా తేడా లేదు. ఎత్తు చూస్తే చిన్నదనుకున్న బ్రెజాయే ఎక్కువ: అది 1685, క్రెటా 1635. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. మనుషులు కూర్చునే చోటు ఎంత వస్తుందన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. బ్రెజాకు అది 2500, క్రెటాకు 2610. తేడా 11 సెంటీమీటర్లు, బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ. అడుగులో బెత్తెడు మనుషులకు పోగా, మిగిలిందంతా ముక్కుకూ డిక్కీకీ పోయింది.

ఇంకో జత చూడండి. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ నాలుగు మీటర్ల లోపు బండి. దాని వీల్‌బేస్ 2600. మిడ్‌సైజ్ అని పిలిచే గ్రాండ్ విటారా వీల్‌బేసూ 2600 మిల్లీమీటర్లే. 3ఎక్స్‌ఓ వెడల్పు 1821. ఫోక్స్‌వ్యాగన్ టైగన్ మిడ్‌సైజ్ అయినా దాని వెడల్పు 1760. వెడల్పులో చిన్న బండే రెండు అంగుళాలు ముందుంది. కాబట్టి కాంపాక్ట్, మిడ్‌సైజ్ అన్న పేర్లు చూసి ఇల్లు ఇరుకు, ఇల్లు విశాలం అన్నట్టుగా ఊహించుకోకండి.

అసలు ఈ నాలుగు మీటర్ల గీత ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఇంజనీర్లు గీసింది కాదది. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించినప్పుడు, చిన్న కారంటే ఏమిటో చెప్పడానికి పెట్టిన కొలత. నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ ఇంజిన్ 1500 సీసీ దాటకూడదు. కొన్ని చిన్న బండ్లకు వెనక భాగం కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటుందే, దానికి మూలం అక్కడుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జీఎస్టీలోనూ గీత అదే. గీతకు ఇవతలుంటే 18 శాతం, అవతలుంటే 40 శాతం.

దీన్ని రూపాయల్లో చూద్దాం. పన్ను వేయకముందు 8 లక్షల విలువ చేసే బండి ఉందనుకోండి. 18 శాతంతో అది 9 లక్షల 44 వేలవుతుంది. అదే బండికి 40 శాతం పడితే 11 లక్షల 20 వేలు. తేడా 1 లక్షా 76 వేలు. సేల్స్ కుర్రాడు "ఇంకో రెండు మూడు లక్షలే" అన్నప్పుడు అందులో పెద్ద భాగం సీటుగానో ఇనుముగానో మీ ఇంటికి రాదు, పన్నుగా వెళ్లిపోతుంది. ఒక్క జాగ్రత్త: పొడవు తక్కువైనంత మాత్రాన పన్ను తగ్గదు. బ్రెజా పెట్రోలు ఇంజిన్ 1462 సీసీ కాబట్టి నాలుగు మీటర్ల లోపు ఉన్నా 40 శాతం వైపే పడుతుంది.

ఇప్పుడు కాగితం తీయండి.

1. ముందు మీ ఏడాదిని లెక్కపెట్టండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. బండి కొనేటప్పుడు మన కళ్ల ముందు మెదిలే దృశ్యం ఏది? సంక్రాంతికి ఊరెళ్లడం, తిరుపతి ప్రయాణం, అరకు ట్రిప్పు. డిక్కీ నిండా సామాన్లు, వెనక సీటు నిండా మనుషులు. ఆ దృశ్యానికి సరిపడా బండి కొంటాం. కానీ ఆ దృశ్యం ఏడాదిలో ఎన్ని రోజులు?

కాగితం మీద నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో, ఒక్కరే లేదా ఇద్దరే ప్రయాణించే రోజులు: ఆఫీసు, మార్కెట్, ట్యూషన్. రెండో గడిలో, ఊళ్లోనే ముగ్గురూ నలుగురూ కలిసి తిరిగే రోజులు: గుడి, పెళ్లిళ్లు, ఆసుపత్రి. మూడో గడిలో, ముగ్గురి నుంచి ఐదుగురి దాకా వంద కిలోమీటర్లు దాటి వెళ్లే రోజులు. నాలుగో గడిలో, ఐదుగురికన్నా ఎక్కువమంది వెళ్లే రోజులు. పోయిన ఏడాది క్యాలెండర్ ముందు పెట్టుకుని నిజంగా జరిగినవే రాయండి. "ఇకనుంచి ప్రతి వారం వెళ్దాం" అన్న కోరికలను అందులో కలపకండి. బండి రాగానే మన జీవితం మారిపోతుందని అనిపిస్తుంది. ఉద్యోగం అదే, సెలవులు అవే, పిల్లల పరీక్షలూ అవే.

ఇప్పుడు మూడో గడి చూడండి. ఏడాదిలో 40 రోజులు దాటిందా? అంటే ప్రతి రెండు మూడు వారాలకూ ఒక శని, ఆదివారాలు రోడ్డు మీదే. అలాంటివాళ్లకు ఆ అడుగు నిజంగా అవసరం. మిడ్‌సైజ్ వైపు ధైర్యంగా చూడండి. 10, 12 రోజుల దగ్గరే ఆగిపోయిందా? మిగతా 350 రోజులూ ఆ అడుగును మోసేది మీరే. ఈ 40, 12 అన్నవి శాస్త్రం చెప్పిన అంకెలు కావు, నేను పెట్టుకున్న హద్దులు. మీ హద్దు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

నాలుగో గడి ఎంత నిండినా ఈ రెండింటిలో ఏదీ మీకు పనికిరాదని గుర్తుంచుకోండి. అమ్మానాన్నా, అత్తామామా, మీరిద్దరూ, పిల్లలూ అందరూ ఒకే బండిలో అంటే క్రెటా అయినా ఐదుగురికే కదా! దానికోసమని పెద్ద బండి కొని, తీరా పండక్కి పంతంగి టోల్‌గేటు బారులో ఒళ్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇరుక్కుని ప్రయాణించే కుటుంబాలను ఏటా చూస్తున్నాను. ఒళ్లో పిల్లలు ఉండటం ప్రమాదం కూడా. ఆ నాలుగైదు రోజులకు అందరికీ సరిపడా సీట్లున్న బండి డ్రైవరుతో సహా మాట్లాడుకోండి. మీరూ వెనక కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ వెళ్లొచ్చు.

2. వెనక సీటు తీర్పు పెద్దవాళ్లది

షోరూముకు వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగ్ తిప్పి, తెర మీద పాటలు పెట్టి చూసి వచ్చేస్తారు చాలామంది. ఇంట్లో రోజూ వెనక కూర్చునేది ఎవరు?

నేను మా అమ్మను తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులు ఆవిడకు. నాకు తెగ నచ్చిన పెద్ద బండి ఎక్కేటప్పుడు ఆవిడ తలుపు పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు లేపలేక ఆగిపోయింది. కూర్చున్నాక "ఇందులో నా కాళ్లు నేలకు అందట్లేదురా" అంది. గంట ప్రయాణంలో తొడల కింద నొప్పి మొదలయ్యేది అక్కడే. పక్కనే ఉన్న చిన్న బండిలో సీటు ఎత్తు ఆవిడ నడుముకు సరిగ్గా వచ్చింది. వంగాల్సిన పని లేదు, ఎగరాల్సిన పనీ లేదు, అలా వెనక్కి ఒరిగి కూర్చుంది. ఆ రెండు నిమిషాల్లో తెలిసింది ఏ వీడియోలోనూ చెప్పలేదు.

కాబట్టి ఇలా చేయండి. ముందు సీటును మీకు తగ్గట్టు సర్దుకుని, ఆ సీటు వెనకే మీరు కూర్చోండి. మోకాలికీ ముందు సీటుకూ మధ్య పిడికిలి పడుతోందా? ముందు సీటు కింద పాదం దూరుతోందా? తల పైన నాలుగు వేళ్లు పడుతున్నాయా? సన్‌రూఫ్ ఉన్న వేరియంట్లలో పైకప్పు కొన్నిసార్లు కిందికి దిగుతుంది, అందుకని మీరు కొనబోయే వేరియంట్‌లోనే ఈ పరీక్ష చేయండి. తరవాత ముగ్గురు పెద్దవాళ్లను ఒకేసారి కూర్చోబెట్టి పది నిమిషాలు ఉంచండి. రెండు నిమిషాలకు ఎవరైనా "బాగానే ఉంది" అంటారు, ఎనిమిదో నిమిషంలో నిజం బయటపడుతుంది. మధ్యలో కూర్చున్న మనిషికి భుజం మీదుగా వచ్చే బెల్టు, తల ఆనించుకునే దిండు ఉన్నాయో లేదో కూడా చూడండి.

మిడ్‌సైజ్ బండికి న్యాయంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ బెత్తెడు వీల్‌బేస్ పొడుగ్గా ఉన్నవాళ్లకు తెలుస్తుంది. వాటిలో చాలావాటికి వెనక సీటు ఒరుగు సర్దుకునే వీలు ఉంటుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లకు దూర ప్రయాణంలో అది పెద్ద ఊరట. మీ ఇంట్లో ఆరడుగుల వాళ్లు ఇద్దరు ఉండి, ఒకరి వెనక ఒకరు కూర్చోవాల్సి వస్తే ఇక తర్జనభర్జన అక్కర్లేదు.

3. డిక్కీని సామాన్లతో కొలవండి

బ్రోచర్లో బ్రెజా డిక్కీ 328 లీటర్లు, క్రెటాది 433 లీటర్లు అని ఉంటుంది. ఆ 105 లీటర్లంటే ఎంత? పాతిక కిలోల బియ్యం మూటలు సుమారు మూడు. ఊరి నుంచి బియ్యం, పచ్చళ్లు, కొబ్బరికాయలు తెచ్చుకునే ఇంటికి ఆ మూడు మూటల చోటు లోకువేమీ కాదు. తేడా ప్రతిచోటా ఇంతే ఉండదు: కియా సోనెట్‌ది 385 లీటర్లు, మిడ్‌సైజ్ టైగన్‌దీ 385 లీటర్లే.

అంకె కన్నా ఆకారం ముఖ్యం. మీ ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసును షోరూముకు పట్టుకెళ్లండి. మొహమాటపడకండి, లక్షలు పెడుతున్నది మీరు! చిన్నపిల్లలుంటే ప్రామ్, పెద్దవాళ్లుంటే మడతపెట్టే వాకర్ లేదా చక్రాల కుర్చీ తీసుకెళ్లి పెట్టి చూడండి. డిక్కీ అంచు ఎంత ఎత్తులో ఉందో చూడండి, ఆ ఎత్తుకు మూట ఎత్తాల్సింది మీరే.

సీఎన్‌జీ బండి అనుకుంటున్నారా? చాలా బండ్లలో సిలిండరు డిక్కీలోనే కూర్చుంటుంది, అది పెట్టిన బండినే చూసి నిర్ణయించుకోండి. స్ట్రాంగ్ హైబ్రిడ్ బండ్లలో బ్యాటరీ కూడా డిక్కీ చోటు తింటుంది. గ్రాండ్ విటారా మామూలు పెట్రోలు బండికి 373 లీటర్ల చోటుంటే, హైబ్రిడ్‌లో అది బాగా తగ్గిపోతుంది. పెద్ద బండి కొన్నాం కదా అని డిక్కీ తెరిచి చూసి నీరసపడేవాళ్లు వీళ్లే.

4. మీ వీధి మలుపు, మీ పార్కింగ్ గడి

టేపుతో సెల్లార్‌లోకి దిగండి. మీ గడి పొడవు, వెడల్పు కొలవండి. స్తంభం ఎక్కడుంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది, వెనక గోడకు పైపు ఏమైనా ఉందా, అన్నీ కాగితం మీద రాసుకోండి.

గడి వెడల్పు ఎనిమిది అడుగులనుకోండి, అంటే 244 సెంటీమీటర్లు. అందులో 179 సెంటీమీటర్ల బండి పెడితే రెండు వైపులా కలిపి మిగిలేది 65. సరిగ్గా మధ్యలో పెడితే ఒక్కో వైపు మూరెడు కూడా ఉండదు. పక్కవాళ్ల బండి లేనప్పుడే దిగగలరు. అయితే ఈ కష్టం బ్రెజాకూ క్రెటాకూ సమానమే, ఎందుకంటే వెడల్పు ఒకటే. చిన్న బండి కొంటే పక్క సందు సమస్య తీరుతుందనుకోవడం పొరపాటు. చిన్న బండి ఆదుకునేది పొడవులోనే: వెనక గోడ, ముందు దారి, ర్యాంపు కింద మలుపు.

ఇక మీ వీధి. విజయవాడ సత్యనారాయణపురంలోనో, హైదరాబాద్ అమీర్‌పేట వెనక సందుల్లోనో ఉంటున్నారా? ఎదురుగా ఆటో వస్తే రోజుకు ఎన్నిసార్లు రివర్స్ తీయాల్సి వస్తుంది? రివర్స్‌లో ఆ అడుగు మీ మెడకు తెలుస్తుంది. ఇంట్లో ఇంకొకరు కూడా నడుపుతారా? కొత్తగా నేర్చుకుంటున్న భార్యో కూతురో ఆ మలుపులో ధైర్యంగా తిప్పగలరా? ఎవరికీ ఇవ్వకుండా మీరొక్కరే నడిపే బండి అయితే ఇంటికి అది సగమే ఉపయోగపడినట్టు. ఈ ఒక్క కారణంతో చిన్న బండి ఎంచుకున్నా అది మంచి కారణమే.

గుంతలూ, స్పీడ్ బ్రేకర్లూ మీ బెంగ అయితే, పెద్ద బండికి కింద ఖాళీ ఎక్కువని అనుకోవద్దు. నాలుగు మీటర్ల లోపు ఉండే నెక్సాన్‌కు గ్రౌండ్ క్లియరెన్స్ 208 మిల్లీమీటర్లు, క్రెటాకు 190.

5. నలుగురితో ఎత్తు ఎక్కించండి

ఒక్కరే కూర్చుని ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిపితే ఏ బండి అయినా గాలిలో తేలుతుంది. శ్రీశైలం ఘాట్‌లో ఐదుగురితో, నిండు డిక్కీతో, ఏసీ వేసుకుని ఎక్కుతున్నప్పుడు కథ వేరు. అక్కడ మాట్లాడేది బండి సైజు కాదు, ఇంజిను.

క్రెటా మామూలు 1.5 పెట్రోలు ఇంజిన్ 115 పీఎస్ శక్తినీ, 144 న్యూటన్ మీటర్ల టార్క్‌నూ ఇస్తుంది. నెక్సాన్ టర్బో పెట్రోలు 120 పీఎస్, 170 న్యూటన్ మీటర్లు. చిన్న బండిలోని చిన్న ఇంజినే ఎక్కువ లాగుతోంది. టర్బో లేని ఇంజినుకూ ఒక సుగుణం ఉంది, ట్రాఫిక్‌లో మెత్తగా, కుదుపు లేకుండా కదులుతుంది. మీరు రోజూ వెళ్లేది కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకే అయితే ఆ మెత్తదనం మీకు రోజూ కలిసొస్తుంది. ఎక్కువ శక్తి ఉన్న ఇంజిన్లు, స్ట్రాంగ్ హైబ్రిడ్, నాలుగు చక్రాలకూ శక్తి అందించే ఏర్పాటు కావాలంటే మాత్రం మిడ్‌సైజ్‌లోనే ఎంపిక ఎక్కువ. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు వీల్‌బేస్ పొడవున్న బండి సాధారణంగా నిబ్బరంగా ఉంటుంది, అది కూడా స్వయంగా నడిపి చూడాల్సిన విషయమే.

చేయాల్సింది సులువు. టెస్ట్ డ్రైవ్‌కు నలుగురితో వెళ్లండి. దగ్గర్లో ఉన్న ఫ్లైఓవర్ మొదట్లో ఆపి, ఏసీ వేసి, అక్కడి నుంచి ఎక్కించండి. ఇంజిను గోల పెడుతోందా, తేలిగ్గా లాగుతోందా? మీ చెవికే తెలిసిపోతుంది.

6. నెలకు ఎంత, ఎన్నేళ్లు?

రెండింటికీ మధ్య ఆన్‌రోడ్ తేడా మూడు లక్షలనుకుందాం. ఆ మూడు లక్షలూ లోనులోనే కలుస్తాయి కదా. 9 శాతం వడ్డీకి ఐదేళ్లకైతే నెలకు సుమారు 6,230 రూపాయలు, మొత్తం కట్టేది 3 లక్షల 74 వేలు. "భారం తగ్గిద్దాం సార్" అని ఏడేళ్లకు మారిస్తే నెలకు 4,830కి దిగుతుంది, కానీ మొత్తం 4 లక్షల 5 వేలు దాటుతుంది. ఏడో ఏట పాతబడిన బండికి కిస్తీ కడుతూ ఉంటారు. ఐదేళ్లలో తీర్చలేని బండి మీ స్థాయి బండి కాదని నా గట్టి నమ్మకం. ఈ మాట కొందరికి నచ్చకపోయినా చెప్పక తప్పదు.

పెట్రోలు లెక్క: నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారు, ఒక బండి లీటరుకు 15, రెండోది 13 ఇస్తుందనుకోండి. లీటరు 108 రూపాయల చొప్పున తేడా నెలకు సుమారు 1,100. ఇది అన్ని బండ్లకూ వర్తించదు. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు కంపెనీ చెప్పే మైలేజీ 27.97. రోడ్డు మీద అంత రాకపోయినా, సిటీలో ఎక్కువగా తిరిగేవాళ్లకు చాలా చిన్న బండ్ల కన్నా అదే పొదుపు. అయితే దాని ధర కూడా ఎక్కువే కాబట్టి మీ నెలవారీ కిలోమీటర్లతో లెక్క వేసుకోవాల్సిందే.

మర్చిపోయే చిల్లర ఖర్చులు కొన్ని ఉన్నాయి. బండి ధర పది లక్షలు దాటితే మన రెండు రాష్ట్రాల్లోనూ లైఫ్ ట్యాక్స్ శాతం పెరుగుతుంది. అందుకే 9.95 లక్షల బండికీ 10.05 లక్షల బండికీ షోరూములో కనిపించే పదివేల తేడా ఆర్టీఏ దగ్గర ఇంకా పెద్దదవుతుంది. పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ కూడా కట్టించుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి రాబట్టుకోవచ్చు. థర్డ్ పార్టీ బీమా ఇంజిను సీసీని బట్టి ఉంటుంది: 1000 నుంచి 1500 సీసీ దాకా ఏడాదికి 3,416 రూపాయలు, బండి చిన్నదైనా పెద్దదైనా ఒకటే. టోలూ రెండింటికీ ఒకటే. సొంత బండి నష్టానికి చేసే బీమా, టైర్లు, రిపేరుకు వచ్చే విడిభాగాలు మాత్రం సాధారణంగా పెద్ద బండికి ఎక్కువ. బీమా షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు, బయట రెండు చోట్ల అడిగి చూడండి.

7. కింది వేరియంటా, పై వేరియంటా?

అసలు చిక్కు ఇక్కడుంది. ఒకే డబ్బుకు చిన్న బండిలో టాప్ వేరియంట్, పెద్ద బండిలో బేస్ వేరియంట్ వస్తాయి. ఏది మేలు?

రెండు బ్రోచర్లూ పక్కపక్కన పెట్టుకుని మూడు రంగుల పెన్నులతో గీయండి. ఎర్రది ప్రాణానికి సంబంధించినవాటికి: ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారకుండా అదుపు చేసే ఈఎస్‌సీ, వెనక ముగ్గురికీ పూర్తి బెల్టులు, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు. నీలం రంగు రోజూ వాడేవాటికి: ఆటోమేటిక్ గేరు, వెనక ఏసీ గాలి, రివర్స్ కెమెరా, డ్రైవరు సీటు ఎత్తు సర్దుకునే వీలు. ఆకుపచ్చ ముచ్చటపడేవాటికి: సన్‌రూఫ్, రంగుల లైట్లు, పది అంగుళాల తెర. ఆకుపచ్చ గీతలను చూసి బండి మార్చకండి. మన ఎండల్లో సన్‌రూఫ్ తెరిచే రోజులు ఎన్నో మీకే తెలుసు. ఎర్ర గీతలు తక్కువ పడిన బండిని పక్కన పెట్టేయండి. ఆ తరవాత నీలం గీతలు లెక్కపెట్టండి. మీ మూడో గడి 40 దాటి, పెద్ద బండి కింది వేరియంట్‌లోనూ ఎర్ర గీతలన్నీ ఉంటే నేను దానికే ఓటు వేస్తాను. తెరను తరవాత మార్చుకోవచ్చు, వీల్‌బేస్‌ను మార్చుకోలేం. మూడో గడి పన్నెండు దాటకపోతే చిన్న బండి పై వేరియంట్ మీకు రోజూ సుఖమిస్తుంది.

భద్రత గురించి ఒక మాట. "పెద్దది కాబట్టి గట్టిది" అనుకోకండి. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి భారతీయ కారు నెక్సాన్, నాలుగు మీటర్ల లోపు బండి. ఎదురుగా వచ్చేది తేలిక బండి అయితే బరువైన బండికి కొంత మేలు ఉంటుంది, నిజమే. కానీ గూడు గట్టిగా లేకపోతే బరువు కాపాడదు. 2023 అక్టోబర్ నుంచి మనకు భారత్ ఎన్‌క్యాప్ ఉంది. మీరు కొనబోయే మోడల్‌కు ఎన్ని నక్షత్రాలు వచ్చాయో చూసుకోండి.

రెండిళ్ల లెక్క

మియాపూర్‌లో ఒక కుటుంబం ఉందనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, నాయనమ్మ. సూర్యాపేట దగ్గర కొద్దిగా పొలం. నెలకు రెండుసార్లు శనివారం వెళ్లి ఆదివారం రాత్రికి తిరిగొస్తారు. వస్తూ వస్తూ కూరగాయలు, బియ్యం, ఒక్కోసారి నాయనమ్మ వాకర్. మూడో గడిలో 48 రోజులు. వీళ్లకు ఆ అడుగు ఖరీదైనా ప్రతి పైసా వాడకంలోకి వస్తుంది. పిల్లలు ఇంకో ఐదేళ్లలో పొడుగవుతారు కూడా. మిడ్‌సైజ్, అది కూడా డిక్కీ పెద్దగా ఉన్నది.

గుంటూరులో ఇంకో ఇల్లు. ఇద్దరూ టీచర్లు, ఒక్కగానొక్క కూతురు ఇంటర్ చదువుతోంది. ఇద్దరికీ వేర్వేరు దిక్కుల్లో స్కూళ్లు, ఆవిడ బండి నడుపుతుంది, ఆయన స్కూటరు మీద వెళ్తాడు. ఇల్లు సందులో. ఏడాదికి తిరుపతి ఒకసారి, విశాఖలో అక్కగారింటికి ఒకసారి. మూడో గడిలో తొమ్మిది రోజులు. ఆయనకు పెద్ద బండి మీద మనసుంది. తోటి టీచరు అది కొన్నాడు మరి! కానీ ఆ బండి నడిపేది ఆవిడ. ఆ మూడు లక్షలు రెండేళ్లలో కూతురి కాలేజీ ఫీజుకు అక్కరకొస్తాయి. ఆటోమేటిక్ గేరున్న చిన్న బండి, పై వేరియంట్. ఆయన ఒకసారి కూర్చుని లెక్క చూసుకుంటే మనసు కష్టపడకుండానే ఒప్పుకుంటాడని నా నమ్మకం.

మీ ఇల్లు ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉంది?

రెండో ఆదివారం

మొదటి ఆదివారం కాగితం నింపారు, టేపుతో కొలిచారు. ఈపాటికి రెండే బండ్లు మిగిలి ఉంటాయి. రెండో ఆదివారం రెండు షోరూములకూ ముందే ఫోన్ చేసి, టెస్ట్ డ్రైవ్ బండిని మీ ఇంటికే తీసుకురమ్మనండి. పెద్ద ఊళ్లలో చాలా షోరూములు ఇందుకు ఒప్పుకుంటాయి. ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం.

ఇంటి ముందు నుంచే బయల్దేరండి. రోజూ వెళ్లే దారిలో, రోజూ ఎదురయ్యే గుంతల మీద, ఇంట్లో వాళ్లందరితో. ఒక ఫ్లైఓవర్ ఎక్కించండి, ఒక యూటర్న్ తీయండి. సగం దూరంలో ఆపి, నడిపేవాళ్లు మారండి. ఇంట్లో ఎవరెవరు నడుపుతారో అందరూ కాసేపు నడపాలి. మీరు కూడా వెనక సీటుకు మారి కూర్చోండి.

తిరిగొచ్చాక బండిని వీధిలో ఆపి పంపేయకండి. సెల్లార్‌లోకి దించి, మీ గడిలో, స్తంభం పక్కన, పక్కవాళ్ల బండి ఉండగానే పెట్టండి. ఇంజిను ఆపండి. వెనక కూర్చున్న అమ్మను తలుపు తెరుచుకుని తనంతట తానే దిగమనండి. మీరు చేయి అందించకుండా, దూరంగా నిలబడి చూడండి.